ఫైటర్‌కీ విజర్డ్‌కీ తూకం కుదరాలంటే ముందు రోజును సరిచేయండి

డైస్ వేస్తూ పాత్రల్లో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పార్టీ (ఆటగాళ్ల పాత్రల జట్టు) ఐదో లెవెల్‌కు చేరిందంటే చాలు, చాలా టేబుళ్ల దగ్గర ఒకటే ఫిర్యాదు. మంత్రగాడైన విజర్డ్ ఫైర్‌బాల్ అనే ఒక్క స్పెల్‌తో పోరాటం ముగించేస్తాడు, యోధుడైన ఫైటర్ కత్తి పట్టుకుని చూస్తూ నిలబడతాడు. వెంటనే ఆట నడిపే గేమ్ మాస్టర్ దృష్టి స్పెల్ మీదకే పోతుంది: డ్యామేజీ తగ్గిద్దామా, స్లాట్లు (స్పెల్స్ వేసే కోటా) కోసేద్దామా అని. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. ఎక్కువసార్లు లోపం క్లాసులో (పాత్ర రకంలో) ఉండదు, మీరు నడిపే రోజులో ఉంటుంది.

రోజు అంటే ఒక లాంగ్ రెస్ట్ (స్లాట్లన్నీ తిరిగొచ్చే రాత్రి నిద్ర) నుంచి ఇంకో లాంగ్ రెస్ట్ దాకా. 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, పార్టీ ఒక రోజులో మధ్యస్థమైనవో కఠినమైనవో 6 నుంచి 8 ఎన్‌కౌంటర్లు (పోరాటాల్లాంటి సవాళ్లు) తట్టుకోగలదని, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు (కొన్ని శక్తులే తిరిగొచ్చే చిన్న విరామాలు) పడతాయని లెక్క వేసుకుంది. ఇక్కడి రూల్స్, అంకెలు అన్నీ ఆ 2014 పుస్తకాలవే. మీ టేబుల్ దగ్గర రోజుకు ఒక్కటే పోరాటం జరుగుతుంటే ఆ లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఎంతగానో అంకెల్లోనే చూడండి.

ఐదో లెవెల్ ఫైటర్, స్ట్రెంగ్త్ 18, చేతిలో గ్రేట్‌సోర్డ్, దాడి డైస్‌కు +7 కలుస్తుంది. శత్రువు ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15 అయితే 20 ముఖాల డైస్ మీద 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, అంటే 65 శాతం. తగిలితే డ్యామేజీ 2డి6+4 (ఆరు ముఖాల డైస్ రెండు వేసి 4 కలపడం), సగటున 11. తప్పిపోయేవి, క్రిటికల్స్ (20 పడితే డ్యామేజీ డైస్ రెట్టింపు) అన్నీ కలిపితే దాడికి 7.5, రెండు దాడులకు రౌండుకు 15. ఇక ఇంటెలిజెన్స్ 18 ఉన్న విజర్డ్. ఫైర్‌బాల్ 8డి6, సగటు 28. సేవ్ డీసీ (సగం డ్యామేజీతో బయటపడాలంటే శత్రువు డైస్‌తో అందుకోవాల్సిన అంకె) 15, శత్రువుల డెక్స్టెరిటీ సేవ్ +2 అనుకుంటే ఒక్కొక్కరికి సగటున 22.4, ముగ్గురు చిక్కితే 67.

రోజంతటికీ నాలుగు రౌండ్ల పోరాటం ఒక్కటే ఉంటే, యాక్షన్ సర్జ్‌తో (రెస్టుకు ఒకసారి ఫైటర్‌కు దొరికే అదనపు దాడుల వంతు) కలిపి ఫైటర్ 75 చేస్తాడు. విజర్డ్ రెండు ఫైర్‌బాల్‌లు, అంతకన్నా చిన్న స్పెల్ స్కార్చింగ్ రేలు రెండు వేసి 164 దగ్గర ఆగుతాడు. రెట్టింపు దాటింది.

అదే రోజులో నాలుగేసి రౌండ్ల పోరాటాలు ఆరు, షార్ట్ రెస్టులు రెండు పెట్టండి. ఫైటర్ మొత్తం 405. విజర్డ్‌కు ఆర్కేన్ రికవరీతో (షార్ట్ రెస్టులో కొన్ని స్లాట్లు తిరిగి తెచ్చే శక్తి) మూడో ఫైర్‌బాల్ వస్తుంది. దానికి మూడు స్కార్చింగ్ రేలు, నాలుగు మ్యాజిక్ మిస్సైళ్లు, మిగిలిన 14 రౌండ్లు స్లాట్ అక్కర్లేని ఫైర్ బోల్ట్ కలిపితే దాదాపు 396. రూల్ ఒక్కటి కూడా మార్చకుండానే ఇద్దరూ సమానమయ్యారు! ఫీట్లు, ఫైటింగ్ స్టైల్ లాంటి అదనపు నైపుణ్యాలు ఇందులో కలపలేదు. శత్రువులను కట్టిపడేసే స్పెల్స్ విలువ కూడా ఈ లెక్కలోకి రాదు, దాని సంగతి కిందకొస్తుంది.

కాబట్టి మొదటి పని, మూడు సెషన్లు ఏమీ మార్చకుండా కాగితం మీద రాసుకోవడం. లాంగ్ రెస్టుకీ లాంగ్ రెస్టుకీ మధ్య ఎన్ని ఎన్‌కౌంటర్లు జరిగాయి, ఎన్ని షార్ట్ రెస్టులు పడ్డాయి, పడుకునేటప్పటికి ఎవరి దగ్గర ఎన్ని స్లాట్లు మిగిలాయి. విజర్డ్ సగం స్లాట్లతో పడుకుంటున్నాడంటే మీ రోజు చిన్నది. షార్ట్ రెస్టుల గడి ఖాళీగా ఉంటే, షార్ట్ రెస్టుతోనే శక్తులు తిరిగొచ్చే వార్‌లాక్, మాంక్ క్లాసులు నష్టపోతున్నాయి. ఐదో లెవెల్‌లో వార్‌లాక్‌కు ఉండేవి రెండే స్లాట్లు. రెండు షార్ట్ రెస్టులు దొరికితే అవి ఆరు అవుతాయి, మాంక్ తన శక్తులకు ఖర్చు చేసే "కీ" పాయింట్లు 5 కాస్తా 15 అవుతాయి. "వార్‌లాక్ వీక్" అనే మాట వినిపించే టేబుల్ దగ్గర ముందు ఈ గడే చూడాలి.

రోజును పొడిగించడమంటే ఆరు పోరాటాలు కుక్కడం కాదు. స్లాట్లు గానీ హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం) గానీ ఖర్చు చేయించేది ఏదైనా లెక్కే: కూలుతున్న వంతెన, తరుముకొచ్చే గుంపు, విషపు ట్రాప్. అసలు చిక్కు పార్టీ మధ్యలో పడుకోవడంతోనే వస్తుంది. లాంగ్ రెస్ట్ 24 గంటల్లో ఒక్కసారే అన్న రూల్ కచ్చితంగా పాటించండి. పడుకున్న ప్రతిసారీ రాక్షసులను మీదకు పంపడం మాత్రం వద్దు, ఆటగాళ్లకు అది శిక్షలా ఉంటుంది. పైగా ఐదో లెవెల్ విజర్డ్ టైనీ హట్ అనే రక్షణ గుడిసె స్పెల్‌ను రిచువల్‌గా (స్లాట్ ఖర్చు కాకుండా) వేసి ఎక్కడైనా ఎనిమిది గంటలు క్షేమంగా గడిపేస్తాడు. చోటు ప్రమాదకరమైతే సరిపోదు, గడువు ఉండాలి. అర్ధరాత్రికి పూజ ముగుస్తుంది, తెల్లారితే బందీలను ఓడ ఎక్కిస్తారు. ఆ గడువు ఆటగాళ్లకు ముందే తెలియాలి, మీరినప్పుడు నిజంగా నష్టం జరగాలి.

కథ నెమ్మదిగా సాగేదైతే షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు చేసే వేరియంట్ రూల్ ఉంది. దాంతో వచ్చే ఇబ్బంది స్పెల్స్ వ్యవధి. రక్షణ స్పెల్ మేజ్ ఆర్మర్ ఎనిమిది గంటలే ఉంటుంది, ఖర్చయిన స్లాట్ మాత్రం వారానికి గానీ తిరిగి రాదు. అలాంటి స్పెల్స్ వ్యవధిని కూడా పెంచకపోతే విజర్డ్ మీద మరీ భారం పడుతుంది.

రెండో పని, ఉన్న రూల్స్ అన్నీ నిజంగా నడుస్తున్నాయో లేదో చూడటం. కట్టిపడేసే స్పెల్స్ భరించలేనంత బలంగా అనిపించే చోట తరచుగా కాన్సంట్రేషన్ (స్పెల్ నిలవాలంటే వేసినవాడు దాని మీదే ధ్యాస ఉంచాలన్న రూల్) మరిచిపోయి ఉంటారు. ఒకేసారి ఒక్కదాని మీదే కాన్సంట్రేషన్, దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్. డీసీ 10, లేదా తగిలిన డ్యామేజీలో సగం, ఏది ఎక్కువైతే అది. కాన్సంట్రేషన్ స్పెల్స్‌కు రంగు కార్డు ఒకటి పెట్టి, వేసిన ఆటగాడి ముందు ఉంచండి, ఇక ఎవరూ మరిచిపోరు. నాక్ స్పెల్ తాళం తీస్తుంది గానీ ఆ చప్పుడు 300 అడుగుల దాకా వినిపిస్తుంది. ఇన్విజిబిలిటీ మనిషిని దాస్తుంది, అడుగుల చప్పుడును కాదు. ఈ రెండూ సరిగ్గా నడిస్తే, తాళాలు తీయడం, చప్పుడు లేకుండా నడవడం తెలిసిన రోగ్ క్లాసుకు తన పని తనకు తిరిగొస్తుంది.

ఇంత చేశాకా తేడా మిగిలితే అప్పుడు క్లాసుల జోలికి వెళ్లండి. బలంగా ఉన్నవాడిని కోయడం కన్నా వెనకబడినవాడిని లేపడం మేలు. +1 కత్తి (దాడికీ డ్యామేజీకీ 1 చొప్పున కలిపే మాయా కత్తి) ఇస్తే పై ఫైటర్ రౌండు సగటు 15 నుంచి 17.5కు పెరుగుతుంది. చూడ్డానికి చిన్న అంకె, రోజు మొత్తంలో బాగా కనిపిస్తుంది. ఐదో లెవెల్‌లోనే +3 ఇచ్చేస్తే మాత్రం 23 దాటుతుంది, అప్పుడు మీ రాక్షసుల ఆర్మర్ క్లాస్‌కు అర్థమే ఉండదు. ప్రతి శత్రువుకూ ఫైర్ రెసిస్టెన్స్ (మంట డ్యామేజీ సగమే తగలడం) తగిలించడం ఇంకా పెద్ద తప్పు. విజర్డ్ ఆటగాడికి అది రెండో పోరాటంలోనే తెలిసిపోతుంది. అప్పుడప్పుడు శత్రువులను నలభై అడుగులకు పైగా దూరంగా రెండు జట్లుగా నిలబెడితే చాలు, 20 అడుగుల వ్యాసార్ధం ఉన్న ఫైర్‌బాల్‌కు అందరూ ఒకేసారి చిక్కరు.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి, చేసే ముందు టేబుల్ అంతటికీ చెప్పండి, మూడు సెషన్లు నడిచాక ఆ కాగితం మళ్లీ తీయండి. మార్పు దెబ్బ తగిలిన ఆటగాడికి స్పెల్స్‌నో ఫీట్లనో మార్చుకునే అవకాశం ఇవ్వండి. పదమూడో లెవెల్ వచ్చేసరికి మళ్లీ కూర్చోవాలి. అక్కడ విజర్డ్ చేతికి టెలిపోర్ట్ వస్తుంది, పార్టీ ఇంటికెళ్లి పడుకుని మర్నాడు తిరిగి రాగలదు. అందుకే గడువును చోటుకు కాకుండా శత్రువు చేసే పనికి ముడిపెట్టుకుని ఉంచండి.