సెంటర్‌పిన్ పాఠాలు – 5: బెండును ఆపి నడపడం

సెంటర్‌పిన్ అంటే మధ్యలోని ఇరుసు మీద డ్రమ్ము నేరుగా తిరిగే చేపల వేట రీలు. దాంతో నీటిపై తేలే బెండును ప్రవాహంలో నడపడం గురించే ఈ పాఠాలు. నాలుగో పాఠం చదివి నదికి వెళ్ళినవాళ్ళు రాసిన ఉత్తరాల్లో కబుర్లు వేరైనా ఫిర్యాదు ఒక్కటే. లైను చిక్కుపడింది. కొందరికి డ్రమ్ము మీదే వదులై ఉండలు కట్టింది. ఇంకొందరికి డ్రమ్ముకీ వెనక పళ్ళేనికీ మధ్యనున్న సందులోకి దూరి ఇరుసుకు చుట్టుకుంది. ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి రాసిన ఒకాయన లైను కోసేసి, అక్కడికక్కడే మామూలు స్పిన్నింగ్ రీలు బిగించి రోచ్ చేపలు పట్టారట. "ఇక దీంతో పనేముందండీ?" అని అడిగారు. పని ఉంది. ఈ పాఠం అంతా దాని గురించే. కానీ చిక్కుల సంగతి తేల్చకుండా ముందుకు వెళితే మళ్ళీ ఇవే ఉత్తరాలు వస్తాయి.

రెండు చిక్కులూ చూడటానికి ఒకేలా ఉన్నా పుట్టుక వేరు.

ఉండలు కట్టేది ఇలా వస్తుంది. బెండు ప్రవాహంతో పోతూ లైనును లాగుతుంది, దాంతో డ్రమ్ము తిరుగుతుంది. దారిలో బెండు నాచుకు తగిలో, నిలకడ నీటిలోకి జారో ఆగిపోయింది. నది లాగడం మానేసినా డ్రమ్ము ఉన్న ఊపుతో ఇంకో రెండు చుట్లు తిరుగుతుంది. ఆ లైను ఎక్కడికి పోవాలి? అక్కడే వదులై కూర్చుంటుంది. స్పిన్నింగ్ రీల్లో లైను వదిలేటప్పుడు స్పూలు కదలదు కాబట్టి ఆ గొడవ లేదు. సెంటర్‌పిన్‌కు బ్రేకు మీ బొటనవేలే. రాడ్డు పట్టుకున్న చేతి బొటనవేలు డ్రమ్ము అంచు మీద మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. అవసరం వచ్చినప్పుడు వేస్తానంటే కుదరదు, అవసరం వచ్చిందని తెలిసేసరికి చిక్కు పడిపోయి ఉంటుంది. నొక్కమనడం లేదు, తాకమంటున్నాను. పెనం మీద దోసె అంచు లేచిందో లేదో వేలితో చూస్తామే, అంత తేలికగా.

సందులోకి దూరేది వేటలో కాదు, విరామంలో వస్తుంది. ఎర మార్చుకుంటూ రాడ్డును గడ్డి మీద పెడతారు. లైనులో బిగువు ఉండదు, కాస్త గాలి వీస్తుంది, రెండు చుట్లు జారి వెనక్కి పోతాయి. రాచెట్ (డ్రమ్ము దానంతట అది తిరగకుండా పట్టి ఉంచే మీట) వేయకుండా రీలును చేతిలోంచి దింపకండి. దూరిపోయిందా, లాగకండి. లాగితే ఇరుసు మీద బిగుసుకుని లైను గీసుకుపోతుంది, ఆ గీత దగ్గరే తర్వాత చేప తెంపుకుపోతుంది. డ్రమ్మును విప్పి బయటికి తీయండి. చాలా రీళ్ళకు మధ్యలో ఒక స్క్రూ ఉంటుంది. విప్పేముందు కింద టోపీ పట్టుకోండి. నదిలో పడిన స్క్రూ ఇక దొరకదు.

ఇంకో మాట, చాలామంది లైను నిండా చుట్టేశారు. పెట్టె మీద 200 మీటర్లని రాసి ఉంటే 200 మీటర్లూ ఎక్కించారు. ఎందుకండీ? బెండును 30 మీటర్ల కంటే దూరం పంపితే అది కనిపించదు, కనిపించినా చేప కొట్టినప్పుడు గాలం గుచ్చుకోదు. 100 మీటర్లు చాలు. నేను అంతకన్నా తక్కువే వేస్తాను. లోతుగా చుట్టిన లైనులో పై చుట్లు కింది చుట్ల మధ్యకు దిగబడతాయి. రాయికి చిక్కుకున్న గాలాన్ని గట్టిగా లాగి విడిపించాక ఇది తప్పకుండా జరుగుతుంది. తర్వాత బెండు సాఫీగా పోకుండా, ఒక్కో చుట్టుకీ ఉలిక్కిపడుతూ పోతుంది. అప్పుడు దిగబడిన చోటు దాటేదాకా లైను ప్రవాహంలోకి వదిలి, వేళ్ళ మధ్య కొద్దిపాటి బిగువుతో తిరిగి చుట్టండి.

ఇప్పుడు నన్ను విసిగించే సంగతి. "నా రీలు ఒక్కసారి తిప్పితే 2 నిమిషాలు ఆగకుండా తిరిగింది, మంచిదేనా?" దాంతో పాటు వీడియో. దయచేసి ఆ వీడియోలు ఆపండి.

రీలు ఎక్కువసేపు తిరగడానికి రెండు కారణాలుండొచ్చు. లోపల రాపిడి తక్కువై ఉండాలి, లేదా డ్రమ్ము బరువుగా ఉండాలి. బరువైన డ్రమ్ము ఒకసారి ఊపందుకుంటే ఆగదు. వీడియోలో అది గొప్పగా కనిపిస్తుంది. నది దగ్గర అదే గుణం లైనును ఉండలు కట్టిస్తుంది. పైగా మీరు అరచేత్తో చరిచి తిప్పే వేగం వేటలో ఎప్పుడూ రాదు. లెక్క చూడండి. డ్రమ్ము వ్యాసం 10 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు సుమారు 31 సెంటీమీటర్ల లైను పోతుంది. సెకనుకు అర మీటరు నడిచే ప్రవాహంలో డ్రమ్ము సెకనుకు ఒకటిన్నర చుట్లు, మహా అయితే రెండు చుట్లు తిరుగుతుంది. అంతే. ఆ వేగంలో మనకు కావలసింది రీలు ఎంతసేపు తిరుగుతుందన్నది కాదు, ఎంత తక్కువ లాగుడుకి కదలడం మొదలుపెడుతుందన్నది. ఎందుకంటే బెండును ఆపి నడిపేటప్పుడు డ్రమ్ము ప్రతి రెండు మూడు సెకన్లకీ ఆగుతుంది, మళ్ళీ కదలాలి. కదలడానికి మొరాయిస్తే బెండు ఒడ్డు వైపు ఈడ్చుకొస్తుంది.

పరీక్ష ఇదీ. రీలును రాడ్డుకు బిగించకుండా చేత్తో పట్టుకోండి. లైను కొస నిలువుగా వేలాడనిచ్చి, దానికి ఒక ఏఏఏ షాట్ (లైనుకు నొక్కి బిగించే బరువు గుండు, ఏఏఏ దాని సైజు) బిగించండి. దాని బరువు 0.8 గ్రాములు. డ్రమ్ము దానంతట అది తిరగడం మొదలుపెట్టాలి. సగం బరువుండే బీబీ సైజు షాట్‌కు కూడా తిరిగితే ఆ రీలును ఎవరికీ అరువివ్వకండి. ఏఏఏకి కదలకపోతే రీలు చెడ్డదనుకోకండి. బాల్ బేరింగులున్న కొత్త రీళ్ళలో తరచుగా చిక్కటి గ్రీజు దట్టించి ఉంటుంది. దాన్ని కడిగేసి పలుచటి నూనె ఒక్క చుక్క వేస్తే చాలావరకు దారికొస్తుంది. బేరింగులు లేకుండా ఉక్కు పిన్ను మీద తిరిగే రీళ్ళకైతే నూనె ఒక్కటే చాలు. నాకు ఆ రకమే ఇష్టం. బేరింగుల చప్పుడుండదు, పాడవడానికి లోపల ఏమీ ఉండదు.

తేలికైన డ్రమ్ము కావాలన్నది కొత్త ఆలోచన కాదు. ట్రెంట్ నది మీద నాటింగ్‌హామ్ వేటగాళ్ళు మొదట్లో చెక్క రీళ్ళు వాడేవారు. అవి తడిస్తే ఉబ్బి పట్టేసేవి. 1890ల్లో హెన్రీ కాక్సన్ ఆలోచనతో రెడిచ్‌లోని ఆల్‌కాక్ కంపెనీ తెచ్చిన ఏరియల్ రీలులో డ్రమ్ముకు సైకిలు చక్రంలో మాదిరి సన్నటి పుల్లలు వాడారు. బరువు తగ్గించడమే ఆ ఏర్పాటులోని కిటుకు. ఇప్పటికీ పాత ఏరియల్ రీలు కోసం జనం ఎగబడేది అందుకే.

సరే, షాట్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. కార్ బూట్ సేల్‌లో (పాత సామాన్ల సంతలో) రీలుతో పాటు పాత షాట్ డబ్బా ఉచితంగా వచ్చిందని ఒకరు సంబరంగా రాశారు. అది సీసమైతే పక్కన పెట్టండి. సీసపు గుళ్ళు మింగి హంసలు చనిపోతుండటంతో 1987 నుంచి 0.06 గ్రాములకు పైబడి 28.35 గ్రాముల దాకా ఉన్న సీసపు బరువులు వాడటం ఇక్కడ నిషేధం.

ఇప్పుడు అసలు పాఠం.

నదిలో నీరంతా ఒకే వేగంతో పోదు. అడుగున రాళ్ళు, ఇసుక రాపిడి వల్ల నీరు నెమ్మదిస్తుంది, పైన వేగంగా పోతుంది. ఎర అడుగున ఉంది, బెండు పైన ఉంది. బెండును స్వేచ్ఛగా వదిలితే పైనీటి వేగంతో పోతూ ఎరను కూడా ఈడ్చుకుపోతుంది. అడుగున కొట్టుకొచ్చే మిగతా తిండి నింపాదిగా వస్తుంటే మీ ఎర ఒక్కటే పరుగెడుతుంది. చిన్న డేస్ చేపలు దాని వెంట పడతాయి. పెద్ద చబ్, బార్బెల్ పడవు. బెండును పైనీటి కంటే కాస్త నెమ్మదిగా నడిపిస్తే ఎర ముందుకు పోయి, అడుగు వేగంతో, బెండు కంటే ముందే చేపను చేరుతుంది. స్పిన్నింగ్ రీలుతో దీన్ని చేయబోతే లైనును వేలితో పట్టి వదులుతూ ఉండాలి. అప్పుడు బెండు ఆగుతూ కుదుపులతో పోతుంది. డ్రమ్ము అంచు మీద బొటనవేలైతే వేగాన్ని కావలసినంత మాత్రమే తగ్గిస్తుంది. రెడింగ్ పెద్దమనిషి ప్రశ్నకు జవాబు ఇదే.

బెండు: ఏవన్ బెండు తీసుకోండి, 3 ఏఏఏ మోసేది. సన్నటి స్టిక్ బెండు వద్దా అంటే, అది చేయి తిరిగినవాళ్ళకు. ఏవన్‌కు పైన లావుపాటి ఒళ్ళుంటుంది కాబట్టి ఆపినప్పుడు నీటిలోంచి పైకి లేచిపోదు. షాట్ ముప్పావు వంతు గాలానికి 45 సెంటీమీటర్ల పైన గుత్తిగా పెట్టండి. గుత్తికీ గాలానికీ మధ్యలో ఒక చిన్న నాలుగో నంబరు షాట్.

లోతు: ఇది ముఖ్యం. బెండును ఆపితే కింది లైను వాలుగా ముందుకు లేస్తుంది కాబట్టి ఎర అడుగు వదిలి పైకి వస్తుంది. అందుకని నది లోతు కంటే 15 నుంచి 30 సెంటీమీటర్లు ఎక్కువ పెట్టాలి. లోతు కొలిచే ప్లమెట్ నా పెట్టెలో ఉంది, బయటికి తీయను. తక్కువ లోతుతో మొదలుపెట్టి, ఒక్కో విసురుకీ కొంచెం పెంచుతూ పోతాను. ఎర అడుగును తాకి బెండు మునగడం మొదలైన చోట లోతు తెలిసిపోతుంది. ప్లమెట్ కంటే ఇందులో నది అడుగు గురించి ఎక్కువ తెలుస్తుంది. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ రాయి ఉందో.

నడపడం: బెండును మీ ఎదురుగా, రాడ్డు పొడవు కంటే ఎక్కువ దూరం లేకుండా వేయండి. మొదటి రెండు మీటర్లు వదిలేయండి, షాట్ దిగనివ్వండి. తర్వాత వేలు కొద్దిగా బరువెక్కించండి. బెండు కొన వెనక్కి వాలి, దాని చుట్టూ నీరు చిన్నగా చీలుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టే. నీరు బుసకొడుతుంటే ఎక్కువ నొక్కారు. చేప ఉంటుందనుకున్న చోట (చెట్టు కొమ్మ నీడ, నాచు అంచు) పూర్తిగా ఆపి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. ఎర పైకి లేస్తుంది, వదిలితే మళ్ళీ పడుతుంది. చబ్‌కు ఆ పడటం నచ్చుతుంది.

గాలి: కెన్నెట్ నది మీద వేటాడేవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. కెన్నెట్ పడమర నుంచి తూర్పుకు పారి రెడింగ్‌లో థేమ్స్‌లో కలుస్తుంది. ఇంగ్లండ్‌లో గాలి ఎక్కువ రోజులు వీచేది కూడా పడమటి నుంచే. అంటే చాలా రోజులు గాలి మీ లైనును ప్రవాహంతో పాటే తోసి, బెండు కంటే ముందుకు వంపు తిప్పుతుంది. ఆ వంపు బెండును లాగేస్తుంటే వేలు ఎంత నొక్కినా లాభం లేదు. రాడ్డు ఎత్తి, బెండు వెనకున్న లైనును మాత్రమే ఎగువకు వేయాలి. బెండు కదలకూడదు. లైను నీటిపై తేలేదైతేనే ఇది కుదురుతుంది, మునిగే రకం కొన్నవాళ్ళు మార్చుకోవాలి. గాలి మరీ ఎక్కువైతే నేను చెట్ల చాటు వంపు వెతుక్కుంటాను, లేకపోతే ఇంటికి వచ్చేస్తాను. ట్రెంట్ మీదా ఇదే. నది వెడల్పు కాబట్టి బాధ కాస్త ఎక్కువ.

చేపలను వండుకోవచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇంగ్లండ్ నదుల్లో 20 సెంటీమీటర్లు దాటిన రోచ్, చబ్, బార్బెల్ అన్నీ తిరిగి వదలాల్సిందే. బార్బెల్ మన శీలావతి, బొచ్చె కుటుంబానిదే అయినా దాని గుడ్లు విషం, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. పులుసు కోసం సూపర్ మార్కెట్‌కు వెళ్ళండి.

అభ్యాసం: గాలం కట్టకండి. దాని చోట ఒక చిన్న షాట్ పెట్టి, ఒక పూటంతా బెండును నడపండి. 25 మీటర్ల దూరం, ప్రతి 5 మీటర్లకీ ఒకసారి పూర్తిగా ఆపాలి, ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి, వదలాలి. బెండు ఎప్పుడూ ఒకే గీత మీద పోవాలి, ఆపినప్పుడు అర మీటరు కంటే ఎక్కువ ఒడ్డు వైపు రాకూడదు. వరసగా పది విసుర్లు ఇలా కుదిరేదాకా గాలం కట్టొద్దు. తొమ్మిదో విసురులో తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. రాడ్ లైసెన్సు జేబులోనే ఉంచుకోండి. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల మీద వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఈ అభ్యాసం పెట్టుకోకండి. గాలం లేదని బెయిలిఫ్‌కు (వేట నియమాలు తనిఖీ చేసే అధికారికి) నచ్చజెప్పడం ఈ పది విసుర్ల కంటే కష్టం.

ఆరో పాఠం చేప తగిలాక ఏం చేయాలన్నది. రాచెట్ వేసి లాగితే సరిపోతుందని రాసినవాళ్ళు అప్పటిదాకా పెద్ద చేపల జోలికి వెళ్ళకండి.