పెద్దపేగుకు బైల్ యాసిడ్ల బెడద తగ్గించుకోవడం ఎలా?

రొయ్యల వేపుడు తిన్నాక ఆ నూనె అరగడానికి సాయపడేవి పైత్యరసంలోని బైల్ యాసిడ్లే. కొలెస్ట్రాల్ నుంచి వీటిని కాలేయం తయారుచేస్తుంది. పనయ్యాక దాదాపు 95 శాతం చిన్నపేగు చివర నుంచి మళ్లీ కాలేయానికే చేరతాయి. మిగిలినవి పెద్దపేగులోకి జారతాయి. చిక్కంతా అక్కడే. అక్కడి బ్యాక్టీరియా వాటిని డీఆక్సీకోలిక్, లిథోకోలిక్ యాసిడ్లుగా మారుస్తుంది. ఇవి ఏళ్ల తరబడి ఎక్కువగా తగులుతుంటే పేగు కణాల డీఎన్‌ఏ దెబ్బతినొచ్చు, పెద్దపేగు క్యాన్సర్‌కు దారి పడొచ్చు. క్యాన్సర్‌కు ఇదొక్కటే కారణం కాదు. కానీ తిండితో మనం మార్చుకోగలిగేది ఇది.

మొదట నూనె తగ్గించండి. కొవ్వు ఎంత తింటే పైత్యరసం అంత ఎక్కువ దిగుతుంది. భీమవరం, పాలకొల్లు వైపు వేపుడు మీద నూనె తేలాల్సిందే అంటారు. రోజూ మాత్రం వద్దు. చేపను పులుసు పెట్టుకోండి.

తర్వాత పీచు. అసలు పని ఇదే. పీచు కొంత బైల్ యాసిడ్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలోని నల్లజాతివాళ్లకు రెండు వారాలు పీచు పెంచి, కొవ్వు తగ్గించి పెడితే, పెద్దపేగులో ఈ హానికర యాసిడ్లు బాగా తగ్గాయి. రెండే వారాల్లో!

కోనసీమవాళ్లకు పీచు కోసం ఓట్స్ కొనాల్సిన అవసరమే లేదు. పనసపొట్టును పెళ్లిభోజనాలకే వదిలేయకండి. అరటిదూటనైతే చక్రాలుగా తరిగి, వచ్చే నారను వేలికి చుట్టి తీసేసి, ముక్కల్ని మజ్జిగ నీళ్లలో వేయండి, నల్లబడవు. ఉడికించి, వార్చి, కొద్ది నూనెతో పోపు వేసి, దించాక ఆవ పెట్టండి. వారానికి రెండుసార్లు చాలు. మిగతా రోజుల్లో తోటకూర, బొబ్బర్లు, పెసలు. తెల్లన్నం కొంత తగ్గించి దంపుడు బియ్యం కలపండి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, మెల్లగా పెంచండి.

పెరుగు మానకండి, కాల్షియం కూడా ఈ యాసిడ్లను పట్టి ఉంచుతుంది.

ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే తిండి ఒక్కటే నమ్ముకోకూడదు. 40 ఏళ్లకు, లేదా వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ (సన్నని గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి డాక్టర్‌ని అడగండి. మలంలో రక్తం కనిపిస్తే మొలలేలే అని నాటు మందుతో నెలలు గడపొద్దు. ఆ వారమే చూపించుకోండి.