ప్రార్థన కూడిక పాటకు హార్మోనియం – మూడో పాఠం: ఐదున్నర శ్రుతిలో మూడు పట్లు

కిందటి పాఠంలో శంకరాభరణం స్వరాలు ఒకటో శ్రుతిలో, అన్నీ తెల్ల మెట్ల మీదే వాయించారు. ఈసారి షడ్జమం (స) ఐదున్నరకి, అంటే ఐదో, ఆరో తెల్ల మెట్ల మధ్యనున్న నల్ల మెట్టుకి తీసుకెళ్దాం. స, రి, మ, ప నల్ల మెట్లు. గ, ద, ని తెల్లవి. చేతికి అలవాటయ్యేదాకా ఓ రెండు రోజులు ఎక్కి దిగండి.

ఐదున్నరే ఎందుకంటే, ఈ పాఠానికి తీసుకున్న ‘ది నైంటీ అండ్ నైన్’ అనే ఇంగ్లీషు సువార్త పాట ఆ శ్రుతిలోనే పుట్టింది. 1874లో మూడీ అనే అమెరికా సువార్తికుడు స్కాట్లాండులో సభలు పెట్టాడు. ఆయన వెంట పాటలు పాడే ఐరా శాంకీ, గ్లాస్గో నుంచి ఎడిన్‌బరోకి రైల్లో వెళ్తూ పత్రికలో ఓ పద్యం చూశాడు. రాసినావిడ ఎలిజబెత్ క్లెఫేన్. అప్పటికి ఆవిడ చనిపోయి ఐదేళ్ళు. పద్యం బాగుందని మూడీకి చదివి వినిపించాడు గానీ, ఆయన ఏదో ఉత్తరంలో మునిగి ఉన్నాడు, వినలేదు. శాంకీ ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు.

ఎడిన్‌బరోలో మధ్యాహ్నం సభ. ఆ రోజు అంశం మంచి కాపరి. ప్రసంగాలయ్యాక, దీనికి తగ్గ పాట పాడమని మూడీ అడిగాడు. శాంకీ దగ్గర పద్యం ఉంది, వరస లేదు. కత్తిరించిన కాగితం ఎదురుగా పెట్టుకుని, ఐదున్నరలో స-గ-ప మూడూ ఒకేసారి నొక్కి పట్టి మొదలెట్టేశాడు. మొదటి చరణం గట్టెక్కింది. అసలు గండం రెండోది: ఇప్పుడే నోటికొచ్చిన వరస మళ్ళీ అలాగే రావాలి కదా! వచ్చింది. ఆ వరస తర్వాత మార్చలేదని శాంకీయే రాసుకున్నాడు.

బైబిల్లో లూకా సువార్త 15లోని తప్పిపోయిన గొర్రె కథే ఈ పాట. కోతలయ్యాక చేలో మంద కట్టించుకునే మన డెల్టా రైతులకి కాపరి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక చెయ్యి. కుడిచేతి బొటనవేలు స మీద, మధ్యవేలు గ మీద, చిటికెనవేలు ప మీద. మూడూ ఒకేసారి నొక్కితే అది మొదటి పట్టు. బొటనవేలు ఉన్నచోటే ఉంచి, గ మీది వేలు మ కి, ప మీది వేలు ద కి జరపండి. స-మ-ద వచ్చింది, రెండో పట్టు. మళ్ళీ మొదటికి రండి. ఈసారి చిటికెనవేలు కదపకుండా, బొటనవేలు పక్కనున్న కింది ని కి, మధ్యవేలు రి కి దించండి. ని-రి-ప, మూడోది. పట్టు మారినప్పుడల్లా ఒక వేలు కదలకుండా ఉంటుంది కాబట్టి మెట్లు చూడకుండానే వాయించవచ్చు. ఇలాంటి సువార్త పాటలు చాలావాటికి ఈ మూడు పట్లే ఆధారం.

శాంకీ వాద్యానికి గాలి కాళ్ళతో తొక్కేవారు, మన నాటకాల హార్మోనియంలా. అందుకని ఆయనకి రెండు చేతులూ ఖాళీ. మనకి ఎడం చెయ్యి తిత్తికే పోతుంది. కింది స్వరాల కోసం ఆశపడకండి. తిత్తిని తాళం దెబ్బలకి కొట్టకుండా, పాట పాదం పొడవునా నిదానంగా నొక్కి, పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చోట వదలండి. నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమందికి చెడేది వేళ్ళు కాదు, ఇదే.

నడక తకిట, తకిట, అంటే మూడేసి మాత్రలు. తబలా బ్రదర్‌కి ముందే చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ నాలుగు మాత్రల నడక ఎత్తుకుంటారు. మన కీర్తనల్లోలా దీనికి పల్లవి లేదు. ఐదు చరణాలు, ఒకే వరస. చరణం చివరి పాదం రెండుసార్లు వస్తుంది. మధ్యలో సంగతులు (వరసకి అల్లికలు) వెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. కథ ముందుకు నడవాలి, మాట వినపడాలి. చరణానికీ చరణానికీ మధ్య కీబోర్డుతో హోరెత్తించే పద్ధతి ఈ పాటకి అసలు నప్పదు.

ఈ వారం పాట జోలికి పోవద్దు. మొదటి పట్టు రెండు తకిటలు, రెండోది రెండు, మళ్ళీ మొదటిది రెండు, మూడోది రెండు, తిత్తి శబ్దం ఎగుడుదిగుడు లేకుండా తిప్పండి. కళ్ళు మూసుకుని వాయించగలిగితే నాలుగో పాఠంలో దాని మీద వరస ఎక్కిద్దాం.