పిల్లలకు లాల: 4వ పాఠం - తల మీద నీళ్ళు

ఈసారి చెంబు, గిన్నెలతో నీళ్ళాట గురించి రాద్దామనుకున్నాను. అది తర్వాత చూద్దాం. ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి.

తలస్నానం గురించి అందులో ఒకటే ముక్క రాశాను: "వెనక నుంచి పోయండి, మొహం మీద పడనివ్వకండి" అని. చాలామంది అలాగే చేశారు, పిల్లలు బెదిరిపోయారు. కావలిలో ఒక పాపకి పది నెలలు. అంతకుముందు టబ్బులోంచి తీస్తే ఏడ్చేది. ఇప్పుడు బాత్‌రూమ్ తలుపు చప్పుడు వింటేనే వాళ్ళమ్మ మెడ కరుచుకుంటోందట. తప్పు నాదే. వెనక నుంచి వచ్చే నీళ్ళు మొహం మీద పడవు సరే, కానీ పిల్లకు కనిపించవు కూడా. పిల్లల భయం నీళ్ళంటే కాదు, చెప్పకుండా వచ్చి పడే నీళ్ళంటే.

కాబట్టి వరస మార్చండి. ముందు చెంబు పిల్ల కళ్ళకు చూపించండి. "పోస్తున్నా" అనండి. భుజం మీద కాసిని పోయండి. మళ్ళీ "పోస్తున్నా" అని అప్పుడు నడినెత్తికి వెనక పోయండి. ఎడమ చెయ్యి నుదుటి మీద కట్టలా అడ్డం పెట్టండి. పైకి చూడమంటే పిల్లలు చూడరు, గోడ మీద ఎత్తుగా ఏదన్నా బొమ్మ అంటించండి, "చిలక ఏదీ?" అంటే తల దానంతట అదే లేస్తుంది. ప్లాస్టిక్ మగ్గు వద్దు, నీళ్ళు ఒక్కసారే మీద పడతాయి. నేనైతే పాలు తాగే స్టీలు గ్లాసే వాడతాను.

నాలుగు నెలల లోపు పసిబిడ్డలు వేరు. కాళ్ళ మీద వేసుకోగానే చేతులు రెండూ విదిలించి ఉలిక్కిపడతారు. అది భయపడే గుణం కాదు, పుట్టుకతో వచ్చే అదురు, నాలుగైదు నెలలకు పోతుంది. పాత పంచె ముక్క గోరువెచ్చటి నీళ్ళలో తడిపి రొమ్ము మీద, చేతుల మీద కప్పి, ఆ గుడ్డ మీదే నీళ్ళు పోయండి. బిడ్డ ఎంత నెమ్మదిస్తుందో మీకే తెలుస్తుంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు మాత్రం ఎవరు చెప్పినా వెయ్యొద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది.

ఇక అసలు విషయం. నాకు బాధ కలిగించేది "ఇంకొక్క చెంబే నాన్నా, అయిపోయింది" అనే మాట. అయిపోయింది అంటారు, పోస్తారు. ఇదే లాస్ట్ అంటారు, మళ్ళీ పోస్తారు. ఏడాది పిల్లకు లెక్క రాదు, మనం ఏమన్నా తెలీదు అనుకుంటాం. లెక్క రాకపోయినా ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. "అయిపోయింది" అన్నాక నీళ్ళు పడితే, ఆ మాట వినగానే ఊపిరి బిగపట్టడం నేర్చుకుంటుంది.

మన పెద్దవాళ్ళు దీనికి చక్కటి ముగింపు పెట్టారు. చివరి చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ తిప్పి "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుస్సు" అని దిగదుడుస్తారు కదా. ఒంగోలులో మా మనవరాలికి ఏడాదిన్నర. ఎంత ఏడుస్తున్నా చెంబు చుట్టూ తిరగడం చూసి ఆపేసేది, తువ్వాలు కోసం చేతులు చాచేది. ఒకరోజు శ్రీరామరక్ష అయ్యాక చెవి వెనక సబ్బు కనబడిందని మా అమ్మాయి ఇంకో గ్లాసు పోసింది. పిల్ల ఏడవలేదు. చాచిన చేతులు ముడుచుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత నాలుగు రోజులు చెంబు తిప్పినా ఏడుపు ఆపలేదు. సబ్బు మిగిలితే తడిగుడ్డతో తుడవండి. ఆ మాట అన్నాక ఒక్క చుక్క కూడా పోయొద్దు. మీ ఇంట్లో ఆ మాట వేరే అయితే అదే అనండి, ప్రార్థన అయినా సరే, ఉత్త "అయిపోయింది" అయినా సరే.

కనిగిరి, పొదిలి వైపు ఉప్పునీళ్ళ ఊళ్ళవాళ్ళకు ఒక మాట. నురగ రావడం లేదని సబ్బు ఎక్కువ రుద్దకండి, కడగడానికి అన్ని చెంబులు ఎక్కువ పడతాయి. వారానికి రెండుసార్లు తలకు సబ్బు చాలు.

నీళ్ళ వేడి గురించి మొదటి పాఠంలో చెప్పాను. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేన్నీళ్ళు కలిపి, మోచేత్తో చూడటం. రోహిణీ కార్తెలో నెల్లూరు ఎండకు మేడ మీద ట్యాంకు నీళ్ళే సలసలమంటాయి, కుళాయి కింద నేరుగా పిల్లను పెట్టకండి. ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ కొట్టినా పిల్లను చంకనేసుకునే వెళ్ళండి. బెత్తెడు నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి.

అభ్యాసం: ఇప్పటికే బెదిరిన పిల్లలకు ఏడు రోజులు తల మీద నీళ్ళు పోయొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ ఏడు రోజులూ "పోస్తున్నా" అనకుండా కాళ్ళ మీద కూడా చెంబు వంచొద్దు. ఇంట్లో నీళ్ళు పోసే వాళ్ళందరూ, అమ్మమ్మ, నాయనమ్మ, నాన్న, అదే మాట అనాలి. ఎవరు మరిచిపోయినా మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. ఎనిమిదో రోజు గ్లాసు పిల్ల చేతికే ఇచ్చి, ముందు మీ తల మీద పోయించుకోండి.