మా జంక్ తెరచాప పడవ షెర్బూర్ ముందు పక్కకు జారకుండా ఎలా చేరింది (నా అనుభవం)

మాది 21 అడుగుల కోరమాండల్ రకం పడవ, దానికి జంక్ తెరచాప, అంటే అడ్డకర్రలున్న చైనా తరహా తెరచాప. మన తీరం పేరే, తయారైంది మాత్రం ఇంగ్లండులో. ఫ్రాన్స్‌లో బేసి సంవత్సరాల మే నెలలో జరిగే మోర్బిహాన్ పడవల పండక్కి వెళ్లాలని ప్లాన్. మొదటి మజిలీ ఇంగ్లండు దక్షిణ తీరంలోని నీడిల్స్ రాళ్ల నుంచి ఇంగ్లిష్ చానెల్ దాటి ఫ్రాన్స్ రేవు షెర్బూర్, దాదాపు 60 నాటికల్ మైళ్లు. అంతకుముందు రెండుసార్లు ప్రయత్నిస్తే, పోటుపాట్ల ప్రవాహం నెట్టేసి రెండుసార్లూ రేవుకు తూర్పున తేలాం. జంక్ తెరచాప ఎదురుగాలికి అంతగా ఎక్కదు, వెనక్కి రావడం నరకం.

జీపీఎస్ గీత మీదే నడపడం, ఇంజిన్ వేయడం, ముందే బయల్దేరడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి కుదిరింది ఇలా. మా వేగం గంటకు 4 మైళ్లు అనుకుని 15 గంటలు రాసుకున్నాను. డోవర్ రేవులో పోటు వచ్చే సమయాన్ని బట్టి గంటగంటకూ నీరు ఎటు పారుతుందో చూపే ప్రవాహాల అట్లాస్ చూసి, ఏ గంటకు నీరు తూర్పుకెంత, పడమరకెంత అని రెండు వరసలు వేశాను. తీసివేస్తే తూర్పుకు 5 మైళ్లు మిగిలింది. షెర్బూర్‌కు పడమరగా అంత దూరంలో చుక్క పెట్టి, నైరుతి గాలి పడవను తూర్పుకు నెడుతుంది కాబట్టి ఇంకో 3 మైళ్లు కలిపాను. ఆ చుక్కకు దిక్సూచి కోణం తీసి, దారంతా అదే పట్టుకున్నాను. ప్లాటర్‌లో (జీపీఎస్ మ్యాప్ తెర) మా జాడ పాములా వంకర తిరిగింది. టెన్షన్ పడ్డా ముట్టుకోలేదు. రేవుకు పడమరనే తేలి, గాలివాటున లోపలికి వచ్చేశాం.

ఇది ఒక్కసారి, అదీ ప్రవాహం మందంగా ఉండే రోజున. దారిలో వేగం పడిపోతే లెక్క మళ్లీ వేయాల్సిందే. ఆల్డర్నీ దీవి పక్కన నీరు చాలా జోరుగా పారే ఆల్డర్నీ రేస్ లాంటి చోట ఇది చాలదు, అక్కడ నీరు తిరిగే సమయమే చూసుకోవాలి.