ఒకే వంట, రెండు కొలతలు: ఇద్దరూ కలిసి ముప్పై రోజుల పథ్యం

చక్కెర, మద్యం, ధాన్యాలు, పప్పులు, పాల పదార్థాలు. ఇవన్నీ ఒకేసారి మానేసి నెల రోజులు కూరగాయలు, పండ్లు, దుంపలు, గుడ్లు, మాంసం, చేపలు, గింజలతోనే గడిపే పథ్యాల్లో బాగా పేరు పడ్డది హోల్ థర్టీ. 2009లో అమెరికాలో మొదలైంది. దీని ఉద్దేశం బరువు తగ్గడం కాదు. అనుమానమున్నవన్నీ కొన్నాళ్లు పక్కన పెట్టి, తర్వాత ఒక్కొక్కటే తిని చూసి, ఏది ఒంటికి పడుతుందో ఏది పడదో తేల్చుకోవడం. పప్పులు, ముడి ధాన్యాలు చెడ్డవని కాదు. అవి ఆరోగ్యానికి మంచివనే ఆధారాలే ఎక్కువ. అందుకే ఇది నెలతో ముగియాలి. జీవితాంతం పాటించాల్సిన పద్ధతి కాదిది.

ఇద్దరూ కలిసి చేస్తే ఒక మేలుంది: ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఉండదు, ఒకరు తింటుంటే ఇంకొకరు చూస్తూ కూర్చోవాల్సిన పని ఉండదు. అయితే చాలా జంటలు తడబడేది నియమాల దగ్గర కాదు. ఇద్దరికీ ఒకే కొలతలో వడ్డించడం దగ్గర, వంటపని ఒక్కరి మీదే పడటం దగ్గర.

మొదలుపెట్టకముందు

ముందు ఆరోగ్యం సంగతి. షుగరుకు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం, రొట్టె ఉన్నట్టుండి మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరు మందు మోతాదు సవరించాకే మొదలుపెట్టాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వేసుకునేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే వాటిలోని విటమిన్ కె వల్ల మందు పని తగ్గుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు దుంపల్లో, పండ్లలో ఉండే పొటాషియంతో చిక్కు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గతంలో తిండి మానేయడమో అతిగా తినడమో జబ్బుగా మారినవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఇద్దరిలో ఒకరికి ఇవి వర్తిస్తే ఆ ఒక్కరూ మామూలు తిండే తినాలి. ‘నేను చేస్తుంటే నువ్వెందుకు చేయవు’ అనే మాట రాకూడదు.

గోధుమ పడటం లేదన్న గట్టి అనుమానం ఉంటే, మానేయడానికి ముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ తింటున్నప్పుడే ఆ పరీక్ష సరైన ఫలితం ఇస్తుంది. నెల రోజులు మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేదనే రావచ్చు.

మాంసం తినని వాళ్లకు ఈ పథ్యం యథాతథంగా కుదరదు. కిలో బరువుకు 0.8 గ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి రోజుకు 48 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకు దాదాపు 6 గ్రాములు. పప్పులూ పాలూ రెండూ తీసేసి అదంతా గుడ్లతోనే అందుకోవాలంటే ఆ మనిషి రోజుకు ఎనిమిది గుడ్లు తినాలన్నమాట, నెల రోజులు! శాకాహారులు పప్పులు ఉంచుకుని మిగతావి మానేయడమే తెలివైన పని. ఒకరు శాకాహారి, ఒకరు కాదు అనుకుంటే ఎవరి జాబితా వారిదే.

ఆ తర్వాత ఒక కాగితం మీద మూడు విషయాలు రాసి పెట్టుకోండి: ఏవి మానేస్తున్నాం, ఎవరు ఏ పని చేస్తారు, ఎవరైనా తప్పితే ఏం చేస్తాం. మూడోదే ముఖ్యం. పొరపాటున ఏదైనా తింటే మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టాలని హోల్ థర్టీ అంటుంది. ఒంటరిగా చేసేవాళ్లకు అది సరే. జంటల విషయంలో మాత్రం ఆ నియమం గొడవకే దారి తీస్తుంది, పైగా తిన్నది దాచిపెట్టడం నేర్పుతుంది. తిన్నవాళ్లు తమ నోట్‌బుక్‌లో తేదీ, పదార్థం రాసుకుని ముందుకు సాగితే చాలు. రెండోవాళ్లు దాని గురించి అడగకూడదు. నిఘా మొదలైన ఇంట్లో పథ్యం పది రోజులు దాటడం కష్టం.

మానాల్సినవి, కంటపడనివి

తేనె, బెల్లం, కృత్రిమ తీపి పదార్థాలు కూడా చక్కెర కిందే లెక్క. వేరుశనగ గింజలా కనిపించినా పప్పుల జాతిది, కాబట్టి మానాలి. సోయా కూడా అంతే. పచ్చిగా కాయతో పాటు వండుకునే బీన్స్, చిక్కుళ్లు తినవచ్చు. పాల పదార్థాల్లో నెయ్యి ఒక్కటే మినహాయింపు, అందులో పాల ప్రొటీన్ దాదాపుగా మిగలదు కాబట్టి. బంగాళదుంప, చిలగడదుంప నిరభ్యంతరంగా తినవచ్చు. అరటిపండు, గుడ్డు కలిపి అట్లు పోసుకుని ‘ఇందులో పిండి లేదుగా’ అనుకోవడానికి లేదు. పాత అలవాటును అదే రూపంలో కొనసాగించడాన్ని ఈ పథ్యం ఒప్పుకోదు.

ప్యాకెట్ మీద పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. డెక్స్ట్రోజ్, మాల్టోడెక్స్ట్రిన్, కార్న్ సిరప్ వంటి చక్కెర జాతి పేర్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి. సోయా సాస్‌లో మామూలుగా గోధుమ కూడా ఉంటుంది. సాసేజ్‌లు, మయొనీజ్, రెడీమేడ్ మసాలాలు అనుమానించదగ్గవి.

వారానికి ఎంత సరుకు

ఇక్కడే అందరూ తక్కువ అంచనా వేస్తారు. ఇద్దరికి ఏడు రోజులకు కనీస లెక్క: కూరగాయలు 7 కిలోలు, దుంపలు 3.5 కిలోలు, గుడ్లు 28, మాంసం లేదా చేపలు పచ్చిగా 2.8 కిలోలు, పండ్లు 28, బాదం వంటి గింజలు 400 గ్రాములు, నూనె అర లీటరు. ఫ్రిజ్‌లో ఇంతకు చోటుందో లేదో ముందే చూసుకోవాలి. ఆకుకూరలు వారానికి రెండుసార్లు కొనడమే నయం.

ఈ లెక్కన మనిషికి రోజుకు సుమారు 1500 కేలరీలు వస్తాయి. ఒళ్లు చిన్నదిగా ఉండి, ఎక్కువగా కూర్చుని పనిచేసేవాళ్లలో కూడా అందరికీ ఇది చాలకపోవచ్చు. పెద్ద ఒళ్లున్నవాళ్లకు, శారీరక శ్రమ చేసేవాళ్లకు బొత్తిగా చాలదు. వాళ్ల పళ్లెంలోకి రోజూ అదనంగా 300 గ్రాముల దుంప, రెండు గుడ్లు, ఒక టేబుల్ స్పూన్ నూనె చేరాలి. అంటే మరో 500 కేలరీలు. వంట ఒకటే, కొలతలే వేరు. అన్నం మానేసి దాని బదులు ఏమీ పెట్టుకోనివాళ్లు మూడో రోజుకల్లా చిరాకుపడుతుంటారు. అది ‘శరీరం శుభ్రపడుతోంది’ అనుకోవడానికి లేదు, ఉత్త ఆకలి. వంద గ్రాముల అన్నంలో 130 కేలరీలుంటే, ఉడికిన బంగాళదుంపలో 87 మాత్రమే. అంటే 250 గ్రాముల అన్నం స్థానాన్ని నింపాలంటే దాదాపు 375 గ్రాముల దుంప కావాలి. కళ్లకు అది చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఫర్వాలేదు, పెట్టుకోండి.

గింజల విషయంలో మాత్రం కథ తిరగబడుతుంది. ముప్పై గ్రాములంటే చిన్న గుప్పెడు, దాదాపు 175 కేలరీలు. డబ్బా ముందు పెట్టుకుని టీవీ చూస్తే వంద గ్రాములు ఎప్పుడయ్యాయో తెలియదు. చిన్న గిన్నెలో వేసుకుని డబ్బా లోపల పెట్టేయాలి.

వారానికి రెండు వంటపూటలు

వండినవి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే నిలుస్తాయి. కాబట్టి వారానికి ఒక్కసారి వండుకుందామంటే కుదరదు, రెండుసార్లు రెండేసి గంటలు కేటాయించాలి. ఒకరు కోయడం, కడగడం. ఒకరు పొయ్యి దగ్గర. రెండో పూట పనులు మార్చుకోండి. ఎప్పుడూ ఒకరే వండితే రెండోవాళ్లకు ఇది వచ్చి కూర్చుని తినే భోజనం, మొదటివాళ్లకు అదనపు ఉద్యోగం.

ఒక్కో వంటపూటకు పద్నాలుగు గుడ్లు ఉడికించి పెంకుతోనే ఫ్రిజ్‌లో ఉంచండి, వారం వరకు బాగుంటాయి. కోడి మాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరేదాకా వండి, రెండు గంటల్లోపు డబ్బాల్లోకి సర్దాలి. పెద్ద గిన్నెలో మొత్తంగా కాక, తక్కువ లోతున్న డబ్బాల్లో వేస్తే త్వరగా చల్లారుతుంది.

దుంపలు వేయించడం చూడటానికి సులువు, చెడేది కూడా అదే. కిలో దుంపలను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, తడి పూర్తిగా తుడిచి, మూడు టేబుల్ స్పూన్ల నూనె, ఒక చెంచా ఉప్పు పట్టించి, 200 డిగ్రీల ఓవెన్‌లో 35 నుంచి 40 నిమిషాలు ఉంచాలి. ఇరవై నిమిషాలకు ఒకసారి తిప్పాలి. ముక్కల మధ్య సందు తప్పనిసరి. ఒకదాని మీద ఒకటి పడితే వాటి ఆవిరికే అవి ఉడికిపోయి, అంచులు ఎర్రబడకుండా మెత్తగా, తెల్లగా దిగుతాయి. కిలో ముక్కలకు ఒక ట్రే చాలదు, రెండు కావాలి. ఓవెన్ లేకపోతే ముప్పాతిక వంతు ఉడికించి, నీళ్లు వంపి, ఆరిన తర్వాత వెడల్పాటి పెనం మీద కదపకుండా ఒక్కో వైపు కాల్చండి.

పచ్చి కూరల మీదికి మూడు పాళ్లు నూనె, ఒక పాలు నిమ్మరసం, ఉప్పు, మిరియాలు సీసాలో గిలక్కొట్టి పెట్టుకోవచ్చు. తినేముందే కలపాలి. ముందే కలిపితే ఆకులు వాడి నీరు దిగుతాయి.

మొదటి పది రోజులు

తలనొప్పి వస్తే ముందు కాఫీ గురించి ఆలోచించండి. పాలు, చక్కెర వద్దన్నారని కాఫీయే మానేసినవాళ్లకు 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, కొందరికి వారం దాకా ఉంటుంది. పాలు, చక్కెర లేని కాఫీ, టీ ఈ పథ్యంలో తాగవచ్చు. మానాలనుకుంటే వేరే నెలలో మానండి.

లేచి నిలబడితే కళ్లు తిరిగినట్టుంటే చాలాసార్లు కారణం ఉప్పు, నీళ్లు తగ్గడం. ప్యాకెట్ తిండి ఆగిపోగానే ఉప్పు బాగా తగ్గిపోతుంది. బీపీ లేనివాళ్లు వంటలో ఉప్పు కాస్త ధారాళంగా వేసుకోవచ్చు. కూరలు ఒక్కసారిగా పెరిగినందుకు కడుపు ఉబ్బరిస్తే పచ్చివి తగ్గించి ఉడికించినవి పెంచండి.

మొదటి వారంలో కిలో, రెండు కిలోలు తగ్గితే అదంతా కొవ్వు కాదు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌లో (ఒళ్లు దాచుకునే చక్కెర) ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరుంటుంది. ఆ నిల్వ కరిగితే నీరూ పోతుంది. మగవాళ్లకు మొదట్లో ఈ అంకె వేగంగా పడటం మామూలే. ఆడవాళ్లకు నెలసరి ముందు నీరు చేరి అంకె పెరిగినా పెరుగుతుంది. ఇద్దరి బరువులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే లేనిపోని నిరుత్సాహమే. నెల పూర్తయ్యేదాకా బరువు చూసుకోవద్దన్న నియమం ఈ పథ్యంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచిది.

తిరిగి తినడం

చాలామంది ముప్పై ఒకటో రోజున పిజ్జా తెప్పించుకుంటారు. నెల రోజుల కష్టం ఆ ఒక్క రాత్రితో వృథా. అసలు పరీక్ష ఉండేది ముప్పై రోజులు ముగిశాక వచ్చే పది పన్నెండు రోజుల్లోనే.

మొదటి రోజు పప్పులు, నాలుగో రోజు అన్నం, మొక్కజొన్న వంటి గోధుమేతర ధాన్యాలు, ఏడో రోజు పాలు, పదో రోజు గోధుమ. పరీక్ష రోజున ఆ ఒక్క రకాన్నే రెండు మూడు పూటల్లో తినాలి, తర్వాతి రెండు రోజులూ మళ్లీ పథ్యమే. ఇద్దరూ ఒకే రోజు ఒకే పదార్థం తింటే వంట తేలిక. కానీ రాసుకునేది మాత్రం వేర్వేరుగా: కడుపు, నిద్ర, చర్మం, ఓపిక, కీళ్ల నొప్పులకు సున్నా నుంచి పది వరకు అంకెలు, పడుకునేముందు, ఒకరిది ఒకరు చూడకుండా. ‘నాకు కడుపు ఉబ్బరంగా ఉంది’ అని ఒకరు అనగానే రెండోవాళ్లకూ అలాగే అనిపించడం మానవ సహజం. పోల్చుకోవడం అన్నీ అయ్యాక.

పప్పులు తిన్న రోజు గ్యాస్ వస్తే పడలేదని తీర్మానించకండి. వాటిలోని కొన్ని చక్కెరలు పేగుల్లో పులుస్తాయి, నెల విరామం తర్వాత అది ఎక్కువగా తెలుస్తుంది. అరకప్పు ఉడికిన పప్పుతో మొదలుపెట్టండి. పాలను నేరుగా పాలతోనే పరీక్షించాలి. 250 మిల్లీలీటర్లలో దాదాపు 12 గ్రాముల లాక్టోజ్ (పాలలోని చక్కెర) ఉంటుంది. బాగా మాగిన గట్టి చీజ్‌లో అది చాలా తక్కువ కాబట్టి చీజ్ తిని బాగున్నంత మాత్రాన పాలు పడతాయని చెప్పలేం. ఒకప్పుడు ఏ పదార్థానికైనా పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా దాన్ని ఇంట్లో ఇలా పరీక్షించకూడదు.

ఒకరికి పాలు పడి, ఒకరికి పడకపోవచ్చు. అప్పుడు వంట పాలు లేకుండా చేసి, తినేవాళ్లు పక్కన తెచ్చుకుంటే సరిపోతుంది. పాలు మానినవాళ్లకు కాల్షియం రోజుకు 1000 మిల్లీగ్రాములు ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోవాలి: ముళ్లతో సహా తినే చిన్న చేపలు, క్యాబేజీ జాతి ఆకులు. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్లనే పదార్థాల వల్ల ఒంటికి పట్టేది తక్కువ. ఇక ఏ పదార్థాన్నైనా ఒక్క పరీక్షతో ఇంట్లోంచి వెళ్లగొట్టకండి. వారం ఆగి, సగం పరిమాణంతో మళ్లీ తిని చూడండి. రెండోసారీ అవే అంకెలు వస్తే ఆ నోట్‌బుక్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.