గిటార్‌కి కొత్త తీగలు వేశాక వచ్చే తంటాలు: సమస్య – పరిష్కారం

తీగలు మార్చాక గిటార్ మొరాయిస్తే లోపం చాలావరకు తీగ రెండు కొసల్లోనే ఉంటుంది: కింద బ్రిడ్జ్ (గిటార్ ఒంటికి అతికించిన చెక్కపట్టీ)లో తీగను పట్టి ఉంచే పిన్ దగ్గర, పైన తీగ చుట్టుకునే ట్యూనింగ్ పోస్ట్ దగ్గర. ముందు అక్కడ చూడండి. ఇదంతా స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్ గురించే. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి స్టీల్ తీగలు అసలు వేయకూడదు, ఆ లాగుడికి బ్రిడ్జ్ ఊడొచ్చినా రావచ్చు.

శ్రుతి నిలవడం లేదు

కొత్త తీగ కొంత సాగుతుంది. శ్రుతి చేసి, 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగను మెల్లగా పైకి లాగి వదిలి, మళ్ళీ శ్రుతి చేయండి. మూడు నాలుగు సార్లకు కుదురుకుంటుంది.

కుదురుకోకపోతే పోస్ట్ మీద చుట్లు చూడండి. లావు తీగలు నాలుగింటికి రెండు మూడు చుట్లు, సన్న తీగలు రెండింటికి నాలుగు చుట్లు కావాలి. అంటే పోస్ట్ దాటాక లావు వాటికి సుమారు 5 సెంటీమీటర్లు, సన్న వాటికి 7–8 సెంటీమీటర్ల వదులు ఉంచి చుట్టడం మొదలుపెట్టాలి. ప్రతి చుట్టూ ముందుదాని కిందికే దిగాలి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే అవి సర్దుకున్నప్పుడల్లా శ్రుతి దిగుతుంది. సన్న తీగకు ఒక్క చుట్టే ఉంటే పోస్ట్ రంధ్రంలోంచి జారిపోతుంది.

చుట్లు బాగానే ఉన్నా, కీ తిప్పుతుంటే టిక్కుమని శబ్దమొచ్చి స్వరం ఒక్కసారిగా ఎగిరితే తీగ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటోంది. గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దండి. పాతవాటికంటే లావు తీగలు వేసి ఉంటే గాడి చాలదు. దాన్ని మీరే అరగదీయకండి, లోతు ఎక్కువైతే నట్ మార్చాల్సి వస్తుంది.

పిన్ పైకి లేస్తోంది

తీగ కొసనున్న గుండు బ్రిడ్జ్ అడుగున చెక్కకు ఆనకుండా పిన్ మొనకింద నిలిచిపోయింది. బిగించేకొద్దీ పిన్నును పైకి నెడుతుంది. సుత్తితో కొడితే బ్రిడ్జ్ పగులుతుంది గానీ గుండు కదలదు. తీగ వదులు చేసి, పిన్ తీసి, గుండు పక్కన తీగను కొద్దిగా వంచండి. పిన్ గాడి సౌండ్‌హోల్ (గిటార్ ఒంటి మీది గుండ్రటి రంధ్రం) వైపు ఉండేలా పెట్టి, బొటనవేలితో పిన్ నొక్కి ఉంచి, తీగను పైకి లాగండి. గుండు చెక్కకు తగిలి ఆగడం చేతికి తెలుస్తుంది. అనుమానముంటే ఫోన్ కెమెరా సౌండ్‌హోల్‌లో పెట్టి చూడండి.

పాత పిన్ రాకపోతే తీగలు వదులు చేసి, లోపలి నుంచి నాణెం అంచుతో నెట్టండి.

తీగ తెగింది

పోస్ట్ దగ్గర తెగితే రంధ్రం అంచు, సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్న పట్టీ) దగ్గర తెగితే సాడిల్ అంచు పదునెక్కింది. 600 నంబరు గరుకు కాగితంతో ఒకటి రెండుసార్లు రుద్దితే చాలు.

శ్రుతి చేస్తుండగానే ఒకటో తీగ (అన్నిటికంటే సన్నది) తెగిందా? చాలా ట్యూనర్లు స్వరం పేరు ‘ఇ’ అనే చూపిస్తాయి, ఏ స్థాయిదో చెప్పవు, అందుకే తెలియకుండా మితిమీరి బిగించేస్తాం. ఒకటో తీగ 329.6 హెర్ట్జ్‌లు, ఆరోది 82.4. పాత తీగ స్వరంతోనో, ఫోన్‌లో వినిపించే స్వరంతోనో పోల్చుకుంటూ బిగించండి.

బర్రుమంటోంది

12–53 సెట్టు (అన్నిటికంటే సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీసి 10–47 వేస్తే లాగుడు తగ్గి మెడ నిటారవుతుంది, మొదటి ఫ్రెట్లలో తీగ తగులుతుంది. పాత సెట్టే వేయండి, లేదా ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీని) ఎడమకు పావు చుట్టు వదులు చేసి మర్నాడు చూడండి. ఎక్కడ నొక్కినా సన్నగా బర్రుమంటే, హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ పోస్టులుండే పైభాగం) మీద కత్తిరించని కొసలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి.

కొత్త తీగే చప్పగా మోగుతోంది

ఎక్కించేటప్పుడు మెలి పడి ఉంటుంది, లేదా బిగించకముందే కత్తిరించడంతో లావు తీగ మీది లోహపు పైచుట్టు వదులై ఉంటుంది. ఆ తీగ ఇక బాగుపడదు, మార్చాల్సిందే. ఈసారి శ్రుతి చేశాకే కత్తిరించండి. ముందే కత్తిరించక తప్పకపోతే, కోసే చోటికి ముందు తీగను లంబకోణంలో వంచి, వంపు అవతల కోయండి.